ఎవరి పేరు మీద

మా సపోర్ట్ టీమ్‌లో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అందరికీ మాస్టారే. ఐటీలోకి రాకముందు తణుకులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవారు. మేం మాదాపూర్‌లో రాత్రి షిఫ్టులో కూర్చుని, అమెరికాలోని కొన్ని ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద వచ్చే ఫిర్యాదులు చూసేవాళ్ళం. ఒకే రోగికి రెండు బిల్లులు వెళ్ళాయనో, ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరిగొచ్చిందనో, ఆథరైజేషన్ నంబరు పడలేదనో ఏదో ఒకటి వస్తూనే ఉండేది. ప్రతి ఫిర్యాదూ జిరా అనే ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక టికెట్. ఏళ్ళ తరబడి పేరుకుపోయిన ఆ టికెట్లలోంచి కావలసినదాన్ని పట్టుకోగలిగితే సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే ఇవాళ వచ్చిన సమస్యను రెండేళ్ళ క్రితం ఎవరో ఒకరు తీర్చే ఉంటారు. ఎలా తీర్చారో ఆ పాత టికెట్ కామెంట్లలో ఉంటుంది.

అలా పట్టుకునే విద్య మాకు నేర్పింది మాస్టారు.

కొత్తగా చేరినవాళ్ళు సెర్చ్‌లో ఒక మాట కొట్టి, వచ్చిన వేల ఫలితాలను పేజీ తర్వాత పేజీ తిప్పుతూ ఉంటారు. మాస్టారు కుర్చీ జరుపుకుని పక్కన చేరేవారు. “ఏం వెతుకుతున్నావో తర్వాత చెబుదువు గాని, ఎక్కడ వెతుకుతున్నావో ముందు చెప్పమ్మా” అనేవారు. ఏ ప్రాజెక్టు, ఏ తేదీల మధ్య, ఏ స్టేటస్‌లో ఉన్నవి అన్నది బిగించాకే మాటల జోలికి వెళ్ళనిచ్చేవారు. 2009లో జిరా నాలుగో వెర్షన్‌తో జేక్యూఎల్ అనే ప్రశ్నల భాష వచ్చింది. దాన్ని ఆయన ఒక్కో గుర్తూ విడదీసి చెప్పేవారు. క్లెయిమ్ అని వెతికితే క్లెయిమ్స్ అన్నదీ దొరుకుతుంది. ఆథ్ అని వెతికితే మాత్రం ఆథరైజేషన్ దొరకదు, చివర నక్షత్రం గుర్తు పెట్టాలి. ‘ఆండ్’, ‘ఆర్’ రెండూ ఒకే క్వెరీలో ఉంటే యంత్రం ముందు ఆండ్‌ని కలుపుకుంటుంది. కాబట్టి మన ప్రాజెక్టులో తెరిచి ఉన్నవి గానీ అత్యవసరమైనవి గానీ కావాలని బ్రాకెట్లు లేకుండా రాశామంటే, పక్క ప్రాజెక్టుల అత్యవసర టికెట్లన్నీ మన నెత్తిన పడతాయి. ఆండ్, ఆర్ కలిసిన క్వెరీలో బ్రాకెట్లు లేకపోతే ఆయన చదివేవారే కాదు, వెనక్కి తిప్పేవారు.

ఆయన అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడేది ఖాళీ గడి దగ్గర. ఒక రాత్రి మా లీడ్, నెట్‌వర్క్ ఇంజనీర్ దగ్గరున్నవి తీసేసి మిగతా ఓపెన్ టికెట్లన్నీ ఇమ్మన్నాడు. ఒక కుర్రాడు టికెట్ ఎవరి పేరు మీద ఉందో చూపే అసైనీ గడి దగ్గర ‘సమానం కాదు’ గుర్తు పెట్టి, ఆ ఇంజనీర్ పేరు రాసి, జాబితా తీశాడు. చూడటానికి బాగానే ఉంది. మాస్టారు ఒకసారి కిందిదాకా చూసి, “ఎవరికీ ఇవ్వనివి ఏవయ్యా?” అన్నారు. అందులో ఒక్కటీ లేదు. నిజానికి ఆ రాత్రి ఎవరికీ అసైన్ చేయని టికెట్లు బోలెడున్నాయి. పేరు లేని గడిని ‘ఫలానా పేరు కాదు’ అనే ప్రశ్న పట్టుకోదు. మామూలు బుద్ధికి ఇది అన్యాయంగా తోస్తుంది. గడి ఖాళీగా ఉంటే అక్కడ ఆ పేరు లేనట్టే కదా అని ఆ కుర్రాడు వాదించాడు.

మాస్టారు వైట్‌బోర్డు దగ్గరకు వెళ్ళారు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో, సమాచారాన్ని పట్టికలుగా, గణితంలోని సంబంధాలుగా చూడాలని ప్రతిపాదించడం దగ్గర మొదలుపెట్టారు. డేటాబేస్‌లను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లో ఖాళీ విలువతో దేన్ని పోల్చినా జవాబు నిజమూ కాదు, అబద్ధమూ కాదు, ‘తెలియదు’ అవుతుందన్నారు. నిజమని తేలిన వరసలు మాత్రమే బయటికొస్తాయి, తెలియనివి అబద్ధాలతో పాటు లోపలే ఉండిపోతాయి. జిరాలోనూ ఖాళీ గడుల గతి అంతే. “అందుకని ‘లేదా ఖాళీగా ఉన్నవి’ అని విడిగా అడగాలి నాయనా. ఎవరికీ చెందనివాటిని విడిగా అడిగితే తప్ప అవి లెక్కలోకి రావు” అన్నారు. మరుసటి వారం ఆ కుర్రాడి క్వెరీతోనే రెండు రోజులుగా ఎవరూ చూడని టికెట్ ఒకటి దొరికింది. ఒక ముసలావిడకు తను చేయించుకోని ఆపరేషన్‌కి వచ్చిన బిల్లు అది. వెతకడమనే పనికి అంత విలువ ఉందని నాకు గట్టిగా అనిపించింది ఆ రోజునే.

తేదీల దగ్గరా అంతే పట్టుదల. మార్చి 31 దాకా అని రాస్తే యంత్రం 31వ తేదీ మొదలయ్యే క్షణం దగ్గరే, అర్ధరాత్రి సున్నా గంటలకే ఆగిపోతుంది. ఆ రోజంతా జరిగిన పని బయట ఉండిపోతుంది. అందుకని ‘ఏప్రిల్ 1 కంటే ముందు’ అని రాయాలి. పైగా మాకూ టెక్సస్‌లో ఉన్న క్లయింట్‌కీ మధ్య చలికాలంలో 11.30 గంటల తేడా. ప్రొఫైల్‌లో ఏ టైమ్‌జోన్ ఉందో చూసుకోకుండా నెలాఖరు లెక్క ఎవరికీ ఇవ్వనిచ్చేవారు కాదు. ఒకసారి, ఒక్క రోజు తేడాకి ఇంత రాద్ధాంతమా అని ఎవరో విసుక్కుంటే, “ఆఖరి రోజున చేసినవాడూ చేసినవాడే కదయ్యా, వాడి పని ఎందుకు పోవాలి?” అన్నారు.

రాసిన క్వెరీని పరీక్షించకుండా ఎవరి చేతిలోనూ పెట్టేవారు కాదు. పరీక్షకి జవాబు ముందే తెలిసిన ప్రశ్న ఉండాలనేవారు. తన టికెట్ల లెక్క తనకు నోటికి వచ్చు కాబట్టి ప్రతి క్వెరీనీ మొదట తన పేరు మీదే నడిపించి చూసేవారు.

ఆయన చెప్పినవాటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ‘వాజ్’ అనే ఆపరేటర్. అసైనీ దగ్గర సమానం గుర్తు పెడితే టికెట్ ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో అదే వస్తుంది. వాజ్ అని రాస్తే ఎప్పుడో ఒకప్పుడు ఆ మనిషి చేతిమీదుగా వెళ్ళినవన్నీ వస్తాయి. టికెట్ చరిత్రంతా తవ్వే ప్రశ్న కాబట్టి ముందు ప్రాజెక్టూ తేదీలూ పెట్టి వలయం చిన్నది చేసుకోమనేవారు.

మా ప్రాజెక్టులో ఈ తేడా చాలా పెద్దది. పని పూర్తయ్యాక టికెట్‌ని ఫిర్యాదు చేసినవాళ్ళ పేరుకు తిరిగి అసైన్ చేయాలనీ, వాళ్ళు సరిచూసుకుని వాళ్ళే క్లోజ్ చేయాలనీ మా ప్రాసెస్ డాక్యుమెంట్‌లో రాసి ఉంది. కాలక్రమాన మా వాళ్ళు చాలామంది అది మానేశారు. పని అయిందనిపించగానే తమ పేరు మీదే క్లోజ్ కొట్టేసేవాళ్ళు. క్లయింట్ మళ్ళీ గొడవపెడితే కొత్త టికెట్ తెరిచేవాళ్ళు, అదీ క్లోజ్ అయ్యేది, లెక్క రెండయ్యేది. మాస్టారు మాత్రం ఒక్క టికెట్ కూడా తనంతట తాను క్లోజ్ చేయలేదు. “జ్వరం తగ్గిందని చెప్పాల్సింది మందిచ్చినవాడు కాదమ్మా, మింగినవాడు” అనేవారు. ఆయన తిరిగి పంపిన టికెట్ మళ్ళీ తెరుచుకోవడం నేను చూడలేదు.

2023 మొదట్లో దేశమంతా ఐటీలో కోతల వార్తలు. మా దగ్గరికి ఆ గాలి మార్చిలో వచ్చింది. అమెరికా నుంచి డైరెక్టర్ కాల్‌లోకి వచ్చి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరు నెలల్లో ఎవరెన్ని టికెట్లు క్లోజ్ చేశారో చూస్తామన్నాడు. సపోర్ట్ గ్రూపులో పేరున్న ప్రతి ఒక్కరూ ఆ లెక్కలోకి వస్తారు, డిజిగ్నేషన్‌తో సంబంధం లేదు, సున్నా వచ్చినవాళ్ళతో ముందుకు వెళ్ళడం కష్టం అన్నాడు. కాల్ అయిపోయాక కాసేపు ఎవరూ మ్యూట్ తీయలేదు.

మా మేనేజర్ చెడ్డవాడు కాదు. అప్రైజల్స్‌లో మా తరఫున గట్టిగా మాట్లాడేవాడు, ఇంట్లో కష్టమంటే సెలవు ఇచ్చేవాడు. మాస్టారంటే గౌరవం. అయితే అతని రోజంతా మీటింగుల్లోనే గడిచిపోయేది. టికెట్లు పంచడం తప్ప పట్టుకోవడం ఉండేది కాదు. కాల్ అయిన మర్నాడు మా వరసలోకి వచ్చాడు.

“మాస్టారూ, ఎవరెన్ని క్లోజ్ చేశారో తేలే క్వెరీ ఒకటి కావాలండీ. మీరు రాస్తే తప్పు ఉండదు.”

“టికెట్ వేయండి సార్, చేసిస్తాను.”

“దీనిక్కూడా టికెట్టా?”

“పని కదా సార్.”

మేనేజర్ నవ్వి వెళ్ళిపోయి టికెట్ వేశాడు. ఆ మరుసటి రోజు, మార్చి 30న శ్రీరామనవమి. మాస్టారు ఇంటి నుంచే లాగిన్ అయినట్టు గ్రూప్ చాట్‌లో కనిపించింది. పండగ శుభాకాంక్షలు పెట్టి, మధ్యాహ్నానికల్లా ఆఫ్‌లైన్‌కి వెళ్ళిపోయారు.

ఏప్రిల్ మొదటి వారంలో జాబితా వచ్చింది. అందులో ఆరు నెలలుగా డిజైన్ పని మీదే ఉన్న ఆర్కిటెక్ట్ ఉన్నాడు. ప్రసూతి సెలవు నుంచి అప్పుడే వచ్చిన అమ్మాయి ఉంది. మాస్టారు ఉన్నారు.

హెచ్‌ఆర్ గదిలోంచి వచ్చాక ఆయన తన డెస్క్ దగ్గర ఎక్కువసేపు లేరు. స్టీలు టిఫిన్ క్యారియర్, మందుల డబ్బా, ఎప్పటిదో ఒక లాగరిథమ్ టేబుల్స్ పుస్తకం బ్యాగులో పెట్టుకున్నారు. నాకు కోపం ఆగలేదు. మీ పేరు మీద సున్నా రావడమేంటి మాస్టారూ, ఆ క్వెరీ ఎక్కడో తప్పు, వెళ్ళి మాట్లాడదాం పదండి అన్నాను.

“క్వెరీలో తప్పేం లేదమ్మా” అన్నారు. “బాగా పరీక్షించాను.”

ఇంకేమీ చెప్పలేదు. లిఫ్ట్ దాకా వెళ్ళి సాగనంపాను. తర్వాత ఫోన్ చేస్తే తణుకు వెళ్ళిపోయామనీ, మళ్ళీ ట్యూషన్లు మొదలుపెట్టాననీ చెప్పారు.

జూన్‌లో రెండు బిల్లుల సమస్య మళ్ళీ పైకి లేచింది. ఒకే రోగి రికార్డు రెండు సిస్టమ్‌ల నుంచి వచ్చినప్పుడు జతకలవకపోతే బిల్లు రెండుసార్లు వెళ్తుంది. అంతకుముందు డిసెంబరులో దాన్ని మూలం దాకా వెళ్ళి సరిచేసింది ఎవరో క్లయింట్ వాళ్ళకే గుర్తుంది, మాస్టారి పేరు చెప్పి అడిగారు. ఆయన అకౌంట్ డీయాక్టివేట్ చేసేశారు. అయినా టికెట్ చరిత్రలోంచి పేరు పోదు. ఆయన నేర్పినట్టే ముందు ప్రాజెక్టు పెట్టాను, అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 1కి ముందు దాకా తేదీలు పెట్టాను, స్టేటస్ క్లోజ్డ్ అన్నాను, అప్పుడు అసైనీ దగ్గర వాజ్ అని ఆయన పేరు రాశాను.

స్క్రీన్ నిండిపోయింది. రెండు బిల్లులు, తిరిగొచ్చిన క్లెయిములు, పడని ఆథరైజేషన్లు అన్నీ ఉన్నాయి. అన్నీ చివరికి ఎవరో ఒక అమెరికా బిల్లింగ్ క్లర్క్ పేరు మీద క్లోజ్ అయి ఉన్నాయి. మా ఆఫీసులో ఎవరి పేరు మీదా అన్ని లేవు. చివరిగా క్లోజ్ అయినది పైన వచ్చేట్టు ఉంది వరస. మొట్టమొదటిది బిల్లింగ్ టికెట్ కాదు. రిపోర్టర్ గడిలో మా మేనేజర్ పేరుంది. అంశం దగ్గర ‘టీమ్ క్లోజర్ క్వెరీ’ అని ఉంది.

తెరిచాను. మార్చి 30న మాస్టారు పెట్టిన కామెంట్ ఒక్కటే ఉంది. అందులో రెండు క్వెరీలు, ఒకదాని కింద ఒకటి, బ్రాకెట్లతో సహా.

“మొదటిది మీరు అడిగినది. గ్రూపులో ఉన్నవాళ్ళందరికీ, టికెట్ చివరికి ఎవరి పేరు మీద క్లోజ్ అయిందో చెబుతుంది. పని ఎవరు చేశారో చెప్పదు. అది తెలియాలంటే రెండోది వాడాలి, అందులో అసైనీ వాజ్ పెట్టి ఒక్కొక్కరి పేరుతో విడిగా నడపాలి. నా పేరుతో రెండూ పరీక్షించాను. మొదటిదానిలో 0, రెండోదానిలో 214. అసైనీల వారీగా లెక్క తీస్తే సున్నా వచ్చినవాళ్ళ పేరు పట్టికలో అసలు కనపడదు కాబట్టి గ్రూపు జాబితాతో పోల్చి చూసుకోవాలి. 31న క్లోజ్ అయినవి కూడా లెక్కలోకి రావాలని ‘ఏప్రిల్ 1 కంటే ముందు’ అని రాశాను. సరిచూసి క్లోజ్ చేయగలరు.”

దాని కింద హిస్టరీ. అసైనీ మాస్టారి నుంచి మేనేజర్‌కి మారింది. ఆ తర్వాత స్టేటస్ క్లోజ్డ్ అయింది. మేనేజర్ ఏమీ రాయలేదు. డైరెక్టర్‌కి వెళ్ళింది మొదటి క్వెరీయే.

ఆయన తన సున్నాని తన చేత్తో రాసి, పక్కనే దాని జవాబూ రాసి పంపారు. లిఫ్ట్ దగ్గర కూడా ఆ మాట నాతో అనలేదు. చాలాసేపు ఆ కామెంట్‌నే చదువుతూ ఉండిపోయాను. తర్వాత మొదటి క్వెరీని కాపీ చేసి, అక్షరం మార్చకుండా నడిపించి, అసైనీల వారీగా లెక్క తీయించాను. పేర్లూ అంకెలూ పట్టికగా వచ్చాయి. మాస్టారి పేరు లేదు, ఆర్కిటెక్ట్ పేరు లేదు, ఆ అమ్మాయి పేరు లేదు. డైరెక్టర్ డిజిగ్నేషన్‌తో సంబంధం లేదన్నాడు కాబట్టి లీడ్ పేరు కోసం చూశాను, ఉంది. మేనేజర్ పేరు కోసం చూశాను.

అదీ ఉంది. పట్టికలో అన్నిటికంటే కింద, పక్కన 1.

ఆ 1 మీద నొక్కాను. ఇందాక చదివిన టికెట్టే మళ్ళీ తెరుచుకుంది. మేనేజర్ దాన్ని క్లోజ్ చేసింది మార్చి 31 సాయంత్రం 6.40కి. తేదీ దగ్గర మాస్టారు అందరిలాగే ‘మార్చి 31 దాకా’ అని రాసి ఉంటే, ఆ ఒక్కటి కూడా లెక్కలోకి వచ్చేది కాదు.